మిగిలినవారి ధర్మము

మృత్యువు మానవునకు క్రొత్తది కాదు. ఇంట దీపము వెలిగించు ప్రతివాడును ఏనాడో యొకనాడు ఆ దీపమును శవము తలకడ నుంచవలసివచ్చునని యెఱిగినవాడే. మరణము సంభవించినప్పుడు ఏడ్చుటకు కాలమున్నది, దహించుటకు స్థలమున్నది, ఏనాడేమి చేయవలెనో పెద్దలు చెప్పియే యుంచిరి. కాని చనిపోయినాడనుటకు శవము లేక, బ్రతికియున్నాడనుటకు జాబు లేక, నిన్నటివఱకు నట్టింట తిరిగిన మనుష్యుడు నేడు లేకపోయినయెడల వానివారు చేయవలసిన దేమి? వాని భార్య నొసటి కుంకుమ నుంచుకొనవలెనా, తుడిచివేయవలెనా? వాని పొలమునకు పట్టా యెవరిపేర వ్రాయవలెను? వాని కుమారుడు తిలోదకము విడువవలెనా, వీధితలుపు తెఱచియుంచి కూర్చుండవలెనా?

ఈ ప్రశ్నను ఒక యింటికి గాక యావత్ప్రపంచమునకు వేసి, దాని ఫలితమెట్లుండునో చూపబూనిన యొక అమెరికా టెలివిజను నాటకమునుగుఱించి పాఠకులకు తెలుపదలచితిమి. దాని పేరు 'ది లెఫ్టోవర్స్', అనగా మిగిలిపోయినవారు. టామ్ పెరోటా యను రచయిత 2011 సంవత్సరమున ప్రకటించిన నవల దీనికి మూలము. ఆయనయు, అంతకుముందు 'లాస్ట్' అను నాటకముచే ప్రఖ్యాతి గాంచిన డేమన్ లిండెలాఫును గూడి దీనిని నిర్మించిరి. హెచ్.బి.ఓ. సంస్థవారు 2014 జూను 29వ తేది మొదలు 2017 జూను 4వ తేది వఱకు మూడు భాగములుగ, 28 ప్రకరణములలో దీనిని ప్రదర్శించిరి. వినోదముకొఱకు కూర్చుండువానికి ఇందు వినోదము స్వల్పము. ఆలోచించుటకు కూర్చుండువానికి మాత్రము పని చాల గలదు.

కథాబీజము

2011 అక్టోబరు 14వ తేదిని, ఒక్క క్షణమున, లోకమునందలి మనుష్యులలో నూటికిద్దరు చొప్పున పదునాలుగుకోట్ల మంది మాయమైపోవుదురు. పిడుగు లేదు, పొగ లేదు, రక్తము లేదు. ఒక తల్లి బట్టలుతుకు దుకాణము వెలుపల మోటారుకారులో ఏడ్చుచున్న పసిబిడ్డను వెనుకపీటపై నుంచి టెలిఫోనులో మాటలాడుచుండును, ఏడుపు ఆగిపోవును, తిరిగిచూడగా బిడ్డ లేదు. కారు నడుపువాడు మాయము కాగా కారు పోయి మఱొక కారును గ్రుద్దును. పోయినవారిలో పుణ్యాత్ములున్నారు, పాపాత్ములున్నారు; శిశువులున్నారు, వృద్ధులున్నారు; అన్ని దేశములవారును, అన్ని మతములవారును ఉన్నారు. ఏరినవాడెవ్వడో, ఏ లెక్కచొప్పున నేరెనో తెలియదు. కథ ముగియువఱకును నాటకకర్త లా రహస్యమును విప్పిచెప్పరు. చెప్పకపోవుట వారి లోపముగాదు. చెప్పినచో ఈ నాటకమే లేదు.

కథ యా దినమున గాక మూడేండ్ల తరువాత ప్రారంభమగును. న్యూయార్కు రాష్ట్రమునందలి మేపుల్టన్ అను చిన్నపట్టణము దీనికి రంగస్థలము. పోలీసు అధికారి కెవిన్ గార్వీ యింట మాయమైనవారు లేరని ఊరివారి యభిప్రాయము. అయినను ఆ యిల్లు చీలిపోయినది. భార్య లారీ యొక సంఘములో చేరి యిల్లు విడిచినది. కుమారుడు ఒక బాబా వెంట పోయినాడు. కూతురు తండ్రితో ముభావముగ నున్నది. లారీ యొక్క గర్భమునందలి పిండము వైద్యపరీక్ష జరుగుచున్న క్షణముననే అదృశ్యమయ్యెనని, ఆమె యెవ్వరికిని చెప్పలేదని, చూపరులకు చాలకాలము తరువాతగాని తెలియదు. లెక్కలలో కెక్కని నష్టములుకూడ నుండునని చెప్పుటకే కాబోలు కథకు లిట్లు చేసిరి.

ఇక నోరా డర్స్టు అను నామె వృత్తాంతము వేఱు. ఉదయమున భోజనపుబల్లయొద్ద భర్తయు నిద్దరు బిడ్డలును కూర్చుండియుండగా ఆమె యొక్క నిమిషము వీపు త్రిప్పినది. తిరిగిచూచునప్పటికి బల్లయున్నది, మువ్వురును లేరు. మూడేండ్లు గడచినను ఆమె బిడ్డలు తిను పదార్థములనే అంగడినుండి తెచ్చి, తినువారు లేక పాడైనవానిని పారవేసి, మరల తెచ్చుచుండును. ఊరివా రామెను చూచి దారి తొలగుదురు. సభలలో ముందు కూర్చుండబెట్టుదురు. ఆమెతో నవ్వుటకు మాత్రము జంకుదురు. మన గ్రామములలో విధివంచితయైన స్త్రీకి జరుగు మర్యాదకును దీనికిని పోలిక లేకపోలేదు. గౌరవము పేర దూరముంచుట అన్నిదేశములలోను ఉన్న యాచారమే.

సంఖ్యకాదు, స్వరూపము

నూటికిద్దరు పోయినంతమాత్రమున లోకము తలక్రిందు లగునా యని కొందఱు సంశయింపవచ్చును. సంశయము న్యాయమైనదే. 1918లో ప్రబలిన ఇన్‌ఫ్లూయెంజా జ్వరము మనదేశమున కోటికి మించిన జనమును పొట్టనబెట్టుకొన్నది. అనగా నూటికి మువ్వురికంటె అధికము. 1911 మొదలు 1921 వఱకు గల దశాబ్దమున దేశజనసంఖ్య పెరుగుటకు బదులు తగ్గెనని జనాభాలెక్కలు తెలుపుచున్నవి. దహించుటకు కట్టెలు చాలక నదులలో శవములు విడిచిన చోట్లుండెను. అయినను ఆ తరమువారు ఏడ్చిరి, కర్మలు చేసిరి, మరల నాగలి పట్టిరి. నాటకమునందలి అమెరికావారి కంతకంటె తక్కువ నష్టము కలుగగా వారేల మతులు పోగొట్టుకొనవలెను?

సమాధానమిది. జ్వరమునకు పేరున్నది. శవము కంటికి కనబడినది. 'ఇట్లు పోయినాడు' అని చెప్పుకొనుటకు వాక్యమున్నది. దుఃఖము ఎంత పెద్దదైనను దానికి గట్టున్నచో మనుష్యు డీదగలడు. గట్టు లేని దుఃఖము కొద్దియైనను ముంచివేయును. అమెరికాదేశపు విదుషీమణి పాలీన్ బాస్ 1970 ప్రాంతముల, యుద్ధమున తప్పిపోయిన సైనికుల కుటుంబములను పరిశీలించి, ఇట్టి దుఃఖమునకు ఒక పేరు పెట్టినది. తెలుగున దానిని 'సందిగ్ధవియోగ'మనవచ్చును. పోయినవాడు పోయినట్లును కాక, ఉన్నట్లును కాక యుండుటచే మిగిలినవాని శోకము ఘనీభవించి, కదలక, కరగక యుండుననియు, అది యా వ్యక్తి మనస్సునందలి రోగము గాదనియు, పరిస్థితియొక్క దోషమే యనియు ఆమె వివరించెను. నాటకకర్తలు ఒక యింటి వ్యాధిని లోకమంతటికి అంటించి చూపిరి. వారి ప్రతిభ యంతయు నందేయున్నది.

నలుగురు వైద్యులు

లోకమునకు గాయము తగిలిన తరువాత వైద్యులమని బయలుదేఱువారు తఱుచుగ నలుగురు: మతము, ప్రభుత్వము, వర్తకము, విప్లవసంఘము. ఈ నాటకమున నలుగురును ఉన్నారు. నలుగురి మందును వికటించినది.

మొదట మతము. యోగ్యులైన భక్తులను ప్రభువు అంత్యకాలమున ఆకాశమునకు కొనిపోవునను విశ్వాసమొకటి అమెరికా ప్రొటెస్టెంటులలో కొన్ని శాఖలవారికి గలదు. పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటిలేఖలోని మాటలు దీని కాధారము. పందొమ్మిదవ శతాబ్దమున జాన్ నెల్సన్ డార్బీ మొదలైన బోధకు లీ విశ్వాసమునకు ప్రచారము కల్పించిరి. 1995 మొదలు వెలువడిన 'లెఫ్ట్ బిహైండ్' అను నవలలు దీనిపైననే అల్లబడినవి. నాటకమునందలి మాట్ జామిసన్, నోరాకు సోదరుడు, క్రైస్తవ బోధకుడు. తాను మిగిలిపోయినాడు, జూదరులును, వ్యభిచారులును, లంచగొండులును మాయమైరి. ఇది దైవనిర్ణయమైనయెడల తన భక్తి యేమగును? కనుక నతడు మాయమైనవారి దోషములను త్రవ్వి కరపత్రములుగ నచ్చువేసి ఊర పంచుచుండును. సత్యము చెప్పుచున్నాననియే యతని నమ్మకము. కాని బిడ్డను పోగొట్టుకొన్న తల్లిచేతికి, భర్తను పోగొట్టుకొన్న భార్యచేతికి ఆ కాగితము అందినప్పు డది సత్యమా, పుండుమీద కారమా? తన్ను తాను సమర్థించుకొనుటకు పరుల మృతులను దూషించు భక్తి యే మతమునందును భక్తి యనిపించుకొనదు. ఇంతకును మాట్ దుర్మార్గుడు గాడు. పక్షవాతముతో పడియున్న భార్యకు అహర్నిశము శుశ్రూష చేయువాడు. మంచివాడును సిద్ధాంతమునకు లోబడి యెంత కఠినుడగునో చూపినందుననే ఈ పాత్ర మనస్సున నిలుచును.

రెండవది ప్రభుత్వము. అమెరికా ప్రభుత్వమువారు అదృశ్యులకొఱకు ప్రత్యేకముగ నొక శాఖను స్థాపింతురు. వారి యుద్యోగులు ఇంటింటికి పోయి, మాయమైనవానిని గుఱించి నూటికి పైబడిన ప్రశ్నలు వేసి, జవాబులు వ్రాసికొని, కుటుంబమునకు భృతి యిప్పించుటకు సిఫారసు చేయుదురు. నోరాయే అందొక యుద్యోగిని. ప్రశ్నలు వేయువా రెందుకు వేయుచున్నారో ఎఱుగరు. చెప్పువా రెందుకు చెప్పుచున్నారో ఎఱుగరు. దస్తావేజు నిండును, రూపాయి చేతికి వచ్చును, హృదయము ఖాళీగనే యుండును. మన తాలూకా కచేరీలలో అర్జీ పట్టుకొని తిరిగినవారి కెవరికిని దీనిని వ్యాఖ్యానించి చెప్పనక్కఱలేదు. అయినను ఒకమాట న్యాయముగ చెప్పవలెను. ఆ దొరతనము అడిగినది, వ్రాసికొన్నది, ఇచ్చినది. అడుగనైన అడుగని దొరతనములు లోకమున చాల గలవు.

మూడవది వర్తకము. బాధను కౌగిలితో తొలగింతునని సొమ్ము పుచ్చుకొను 'హోలీ వేన్' అను బాబా యొకడు. అదృశ్యుల పోలికతో, వారి ముఖములు, కేశములు, బట్టలతోసహా బొమ్మలు చేసి, పాతిపెట్టుకొనుటకు అమ్మెడి కంపెనీ యొకటి. రెండవభాగమున టెక్సస్ రాష్ట్రమున జార్డెన్ అను ఊరు వచ్చును. 9,261 మంది గల యా యూర ఒక్కడును మాయము కాలేదు. అంతట నది పుణ్యక్షేత్రమై, ప్రవేశమునకు అనుమతి కావలసివచ్చి, వంతెన కావల గుడారములు వేసికొని జనము పడిగాపులు పడుదురు. ఆ యూరి నీటిని సీసాలతో కొనిపోవుదురు. లోపలివారి స్థితి మాత్రమెట్టిది? ఆ దినమున తాను మేకను కోసినందుననే ఊరు రక్షింపబడెనేమోయని యొకడు నేటికిని ఫలాహారశాలలో మేకను కోయుచుండును. ఆనాడు పెండ్లిబట్టలు కట్టిన యామె వానిని విప్పనొల్లదు. దూరపుకొండలు నునుపు. రక్షింపబడితిమని గర్వించువాని గుండెలో నుండు భయము, నష్టపడినవాని దుఃఖమునకు తీసిపోదు.

నాలుగవది యా సంఘము. దాని పేరు 'గిల్టీ రెమ్నెంట్'; అపరాధశేషులని తెలుగు చేయవచ్చును. వారు తెల్లని వస్త్రములు ధరింతురు. మాటలాడరు, పలకపైనో కాగితముపైనో వ్రాసి చూపుదురు. ఎడతెగక సిగరెట్లు కాల్చుదురు. ఊరివారు మఱచిపోయి సుఖముగ నుండగోరుచున్నారని, మఱువనీయక జ్ఞాపకము చేయుటయే తమ వ్రతమని వారి వాదము. ఇండ్లముందు మౌనముగ నిలుచుందురు. క్రిస్మసు పండుగరేయి ఇండ్లలో దూఱి మాయమైనవారి ఛాయాపటములను దొంగిలింతురు. కట్టకడపట, కంపెనీనుండి తెప్పించిన ఆ బొమ్మలను ఒకరాత్రి యింటింట, మాయమైనవారు మాయమైన చోటులందే కూర్చుండబెట్టుదురు. నోరా ప్రొద్దున మేడ దిగి వచ్చి చూచును: బల్లయొద్ద భర్తయు, ఇద్దరు బిడ్డలును! ఊరు భగ్గుమనును, ఇండ్లు తగులబడును, రక్తము పాఱును.

వారి మాటలో సత్యాంశము లేకపోలేదు. ఉత్సవములు చేసి, విగ్రహము నిలిపి, 'ఇక చాలును' అని దులుపుకొను లోకమును ప్రశ్నించుట తప్పుకాదు. కాని అన్యాయమునకు జవాబు చెప్పవలసినవానిని నిలదీయుట వేఱు, బాధితుని బాధను మరల రేపుట వేఱు. మొదటిది ధర్మము, రెండవది హింస.

తెల్లని బట్టలు, తెల్లని రుమాళ్లు

ఈ భేదము కల్పితకథకు సంబంధించినది మాత్రము కాదు. దక్షిణ అమెరికాయందలి అర్జెంటీనా దేశమున 1976 మొదలు 1983 వఱకు సైనికప్రభుత్వము రాజ్యమేలెను. విద్యార్థులు, కార్మికనాయకులు, పత్రికారచయితలు రాత్రికి రాత్రి ఇండ్లనుండి కొనిపోబడి మరల కనబడలేదు. ప్రభుత్వము మాఱినపిదప నియమింపబడిన విచారణసంఘము 1984లో 8,961 మంది వృత్తాంతములను నమోదు చేసెను. నిజమైన సంఖ్య 30,000 వఱకుండునని మానవహక్కుల సంఘములవారి వాదము. 1977 ఏప్రిలు 30వ తేదిని బ్యూనస్ ఐర్సు నగరమున 'ప్లాసా దె మాయో' అను కూడలిలో పదునలుగురు తల్లులు సమావేశమైరి. క్రమముగ వారి సంఖ్య పెరిగినది. తలకు తెల్లని రుమాలు కట్టుట వారికి గుర్తయ్యెను. వారు పొరుగువాని గుమ్మము ముందు నిలువలేదు. రాజభవనము ముందు నిలిచిరి. 'మీరు మఱచిపోయితిరి' అని దుఃఖితులను నిందింపలేదు, 'మా బిడ్డలెక్కడ?' అని అధికారులను నిలదీసిరి. నాటకమునందలి తెల్లని దుస్తులకును, ఈ తల్లుల తెల్లని రుమాళ్లకును రంగొక్కటియే, ధర్మము వేఱు.

ఆ తల్లులలోనే తరువాత భేదము పుట్టెను. గోతులు త్రవ్వి యెముకలు గుర్తించి యిచ్చినచాలునని కొందఱు; చంపినవారికి శిక్షపడకుండ ఎముకలిచ్చి తమ నోరు మూయించుట కిది యుపాయమని, గోతులు త్రవ్వవద్దని మఱికొందఱు. బయటివారికిది వింతగ తోచును. కాని దుఃఖము నేనాడు ముగింపవలెనో నిర్ణయించు అధికారము దుఃఖించువానిదే గాని పాలకునిది కాదను సూత్రము ఈ భేదమునుండియే తేటపడుచున్నది.

మాయము చేయుటను మహాపరాధముగ నెంచు అంతర్జాతీయ ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరు 20వ తేదిని ఆమోదించినది. 2010 డిసెంబరు 23 నుండి అది అమలునకు వచ్చినది. మనదేశము దానిపై 2007 ఫిబ్రవరి 6వ తేదిని సంతకము చేసినది. ఆపై చేయవలసిన ధ్రువీకరణము చేయలేదు. సంతకము చేసి సంవత్సరములు గడపుట గౌరవము గల ప్రభుత్వమునకు తగదని చెప్పుటకు మేము సందేహింపము.

మన శాస్త్రము, మన చట్టము

నాటకమునందలి బొమ్మల కంపెనీని చూచి నవ్వుకొనుటకు ముందు మన యిల్లు చూచుకొనవలెను. దేశాంతరమున మృతుడై శవము దొరకని యాహితాగ్నికి 360 పలాశవృంతములతో మనుష్యాకృతి కూర్చి దహింపవలెనని ఐతరేయబ్రాహ్మణము చెప్పుచున్నది. ఆ విధియే తరువాత నితరులకును వ్యాపించినది. ఎంతకాలమునకును వార్త లేనివానికొఱకు పండ్రెండేండ్లు వేచి, పిదప ఆకృతిదహనము చేయవలెనని ధర్మశాస్త్రకారులలో చాలమంది మతము. అంతటితో నిలువక వారు మఱొక విషయమునుగూడ ఆలోచించిరి. దహనము జరిగినపిదప వాడు సజీవుడై తిరిగివచ్చినచో? వానిని నేతితో స్నానము చేయించి, జాతకర్మాదులు మరల జరిపి, వాని భార్యతోనే వానికి మరల వివాహము చేయవలెనని విధించిరి. తలుపు మూసిరి గాని గడియ పెట్టలేదు. దుఃఖమునకు గట్టు కట్టిరి, ఆశకు తూము విడిచిరి.

ఆకులతో చేసిన యాకృతికిని కంపెనీబొమ్మకును భేదమేమందురా? ఆకులబొమ్మకు ముఖమక్కఱలేదు. పోయినవానిని మరల తెచ్చుకొనుటకు గాక సాగనంపుటకు అది చేయబడినది. దాని చుట్టును బంధువులుందురు, ఊరివారుందురు, ఖర్చు స్వల్పము. కంపెనీబొమ్మ ముఖముచే అమ్ముడువోవును. అది సాగనంపదు, పట్టియుంచును. అందుచేతనే అది దొంగలచేత ఆయుధమైనది.

అట్లని ప్రాచీనవిధి సర్వసంపూర్ణమని చెప్పబోము. ఆ పండ్రెండేండ్లును స్త్రీ యెట్లు బ్రతుకవలెనో చెప్పుటలో మన ఆచారము కఠినముగనే యుండెను. శుభకార్యమునకు పిలువరు, పరామర్శకును రారు. భర్తవాటా బావమఱదుల చేతిలో నుండును. నేటి చట్టము ఆ గడువును ఏడేండ్లకు తగ్గించినది. ఏడేండ్లు వార్త తెలియనివాడు బ్రతికియున్నాడని వాదించువాడే దానిని నిరూపింపవలెనని 1872 నాటి సాక్ష్యపు చట్టము చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్తచట్టమును ఆ సూత్రమునే నిలిపినది. 1955 నాటి హిందూవివాహచట్టము ప్రకారము ఏడేండ్లు వార్తలేని భర్తనుండి భార్య విడాకులు పొందవచ్చును.

ఇందుకూడ ఒక చిక్కు గలదు. ఆస్తిపరులు దీనిని గమనింపవలెను. ఏడేండ్లు నిండినంతమాత్రమున వాడు మృతుడని యూహింతురే గాని, ఏనాడు మృతుడయ్యెనో చట్టము ఊహింపదు. ఒక జీవితభీమా వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు 2004లో ఈ విషయమునే తేల్చిచెప్పిరి. మరణదినమును తామే ఋజువు చేయవలసినది వారసులు. ఈలోపల వాయిదాసొమ్ము కట్టక పాలసీ రద్దగునెడల నష్టపడునదియు వారసులే. మనుష్యుడు తప్పిపోయిన యింట సంపాదన తప్పిపోవును. సంపాదన లేని యింట వాయిదా కట్టుటెట్లు? గోరుచుట్టుపై రోకటిపోటనగా నిదియే. తప్పిపోయినవాని ఫిర్యాదు నమోదైననాటినుండి వాయిదాలు నిలిచి, పాలసీ మాత్రము సజీవముగ నుండునట్లు శాసనకర్తలు ఏర్పాటు చేయుట న్యాయము.

సముద్రగర్భమునుండి జవాబు

ఈ నాటకము ప్రారంభమగుటకు దాదాపు నాలుగునెలలు ముందు, 2014 మార్చి 8వ తేదిని, మలేషియా విమాన మొకటి 239 మందితో కౌలాలంపూరునుండి చైనాకు పోవుచు అదృశ్యమయ్యెను. 2015 జనవరి 29వ తేదిని మలేషియా ప్రభుత్వమువారు దానిని ప్రమాదముగ ప్రకటించి, అందలివారు మృతులైనట్లు భావింపవలెనని చెప్పిరి. పరిహారము ముట్టుటకు ఆ ప్రకటన యవసరమే. కాని ఆధారము చూపక చావు ప్రకటించుట తగదని బంధువులలో ననేకులు దానిని నిరాకరించిరి.

మనకు మఱింత దగ్గఱి యుదాహరణము 2016 జూలై 22వ తేదిది. ఆనాడు తాంబరమునుండి పోర్టుబ్లేరునకు బయలుదేఱిన వైమానికదళపు ఏ.ఎన్. 32 విమానము 29 మందితో బంగాళాఖాతముపై మాయమయ్యెను. అందులో ఎనమండుగురు విశాఖపట్టణమునందలి నౌకాదళ ఆయుధాగారపు ఉద్యోగులు. నెలలతరబడి వెదకిరి, చిన్నతునుకయు దొరకలేదు. 2024 జనవరిలో, మానవుడు లేక నడచు పరిశోధకయంత్ర మొకటి చెన్నపట్టణమునకు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున, ఆ విమానపు శకలములను ఛాయాచిత్రములలో పట్టినది. ఏడున్నర యేండ్లు! చట్టము విధించిన ఏడేండ్ల గడువును దాటినపిదప సముద్రము జవాబు చెప్పెను. ఆ యేడున్నర యేండ్లును ఆ యిండ్లలో తలుపుచప్పుడైనప్పు డెల్ల ఎవరు లేచిరో, ఎవరు లేవక కూర్చుండిరో వారికే తెలియును. యంత్రమును పంపి వెదకినవారి కృషి ప్రశంసనీయము. ఖర్చు దండుగయని, పోయినవారు రారుగదాయని యనువారికి ఒక్కటే జవాబు: వెదకుట పోయినవారికొఱకు గాదు, మిగిలినవారికొఱకు.

నమ్ముట యను ధర్మము

నాటకపు మూడవభాగము కూడ ఏడవ వార్షికమునకు చేరువగనే నడచును. నోరాకు కొందఱు శాస్త్రజ్ఞులు కనబడి, అదృశ్యులు పోయినచోటికి పంపగల యంత్రము తమయొద్ద గలదందురు. కథ ఆస్ట్రేలియాకు మారును. చివర, పెక్కేండ్లు గడచి జుట్టు నెఱసిన నోరాను, ఆమెను వెదకుచు వచ్చిన కెవిన్ ఒక పల్లెటూర కనుగొనును. ఆమె తేనీటి బల్లయొద్ద తన కథ చెప్పును. తాను ఆ లోకమునకు పోయినదట. అచట నూటికి ఇద్దరు మిగిలి, తొంబదియెనమండుగురు మాయమైరట. అచటివారి దృష్టిలో పోయినవారము మనమే. తన భర్తను, బిడ్డలను దూరమునుండి చూచినదట. వారు సుఖముగనే యున్నారట. వారి నడుమ తాను దయ్యమువలె నుండునని తోచి, పలుకరింపక తిరిగివచ్చినదట. ఈ ప్రయాణమును నాటకకర్తలు మనకు కంటితో చూపరు. ఆమె చెప్పుటయే చూపుదురు. కెవిన్ విని, నమ్మితిననును. అంతటితో కథ సమాప్తము.

ఆమె చెప్పినది నిజమా, కల్పితమా యని చూచినవారు నేటికిని తర్కించుచున్నారు. ఆ తర్కమునకు మేము దిగము. నమ్మినందున కెవినునకు పోయినదేమియు లేదు. నోరాకు కలిగినది చాల గలదు. మతబోధకుడు ఆమెకు సిద్ధాంతము చెప్పెను. ప్రభుత్వము ప్రశ్నలు వేసెను. కంపెనీ బొమ్మ చూపెను. తెల్లబట్టలవారు గాయము రేపిరి. ఆమె చెప్పినది చెప్పినట్లు విన్నవా డొక్కడే, చిట్టచివర. ఇంత చిన్నపని చేయుటకు లోకమునకు అన్నియేండ్లు పట్టెను.

ఇందొక హెచ్చరికయు నవసరము. దుఃఖితురాలి కథను పొరుగువాడు నమ్ముట దయ. పాలకుడు దుఃఖితురాలికి కథ చెప్పుట మోసము. తప్పిపోయినవానిని గుఱించి యింటివా రెట్టి కథ చెప్పుకొన్నను వారి యిష్టము. కచేరీనుండి మాత్రము కథ రాకూడదు, జవాబు రావలెను. పొరుగువాని పని వినుట; ప్రభుత్వపు పని వెదకుట. ఈ రెండు పనులును తాఱుమాఱైనచోట, పొరుగువాడు ఆరాలు తీయును, ప్రభుత్వము కథలు చెప్పును. అట్టిదేశమున మిగిలినవారే మాయమైనవారగుదురు.

మన యూళ్లలోకూడ పట్నమునకు పోయి తిరిగిరానివారు, వేటకు పోయి ఒడ్డు చేరనివారు, గుంపులో చేయి విడిపోయిన పిల్లలు గలరు. వారి యిండ్లకు ఏ బాబాయు, ఏ బొమ్మల కంపెనీయు పోనక్కఱలేదు. పోలీసుఠాణాకు తోడుగ నడచి ఫిర్యాదు వ్రాయించువా డొకడు, కోర్టులో ఏడేండ్ల సూత్రమును చెప్పి వారి పొలమును కాపాడు న్యాయవాది యొకడు, పండుగనాడు ఆ యింటి స్త్రీని పిలిచి బొట్టుపెట్టు ముత్తయిదువ యొకతె, ఈ మువ్వురున్న చాలును. పోయినవారి రహస్యము దైవమెఱుగును. మిగిలినవారి కష్టము మనమెఱుగుదుము. ఎఱిగినదానికి మనమే ఉత్తరవాదులము.